మండల చరిత్ర సంఘం: మ్యూజియం గదికంటే ముందు రిజిస్టరు

అడిగింది ఇదీ: మండలంలో పదిమంది కలిసి చరిత్ర సంఘం పెట్టుకున్నారు. పంచాయతీవాళ్లు పాత గ్రంథాలయం గది ఇస్తామన్నారు. విగ్రహాలు, వీరగల్లులు (పోరులో పడిపోయిన వీరుల పేర నిలిపిన రాళ్లు), తాటాకులు, ఫోటోలు, కరణాల లెక్కలు తెచ్చి అందులో పెట్టాలని ఆలోచన. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం కొనాలి, అనుమతులేం కావాలి?

గది తాళంచెవి అప్పుడే పుచ్చుకోకండి. గది ఉంటే వస్తువులు వాటంతటవే వచ్చి పడతాయి. రెండేళ్లకి వాటిని తెచ్చినవాళ్లలో ఒకరికి బదిలీ అవుతుంది, ఇంకొకరికి ఓపిక పోతుంది. అప్పుడు ఏ రాయి ఏ ఊరిదో చెప్పేవాళ్లుండరు. చెరువుగట్టు మీద నిలబడి ఉన్నంతకాలం వీరగల్లు ఆ ఊళ్లో జరిగిన ఒక పోరాటానికి సాక్ష్యం. అదే రాయి ఎక్కడిదో తెలియకుండా గది మూలన ఉంటే బొమ్మ చెక్కిన బండ మాత్రమే. కాబట్టి మొదటి రెండేళ్లు వస్తువుల్ని కదపకండి, వాటి వివరాలు సేకరించండి. మీ సంఘం మొదటి ఆస్తి పేజీ నంబర్లు వేసిన బైండు రిజిస్టరు.

చట్టం చెప్పేదీ దాదాపు ఇదే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పం, నాణెం, శాసనం పురావస్తువు కిందికి వస్తాయి. చారిత్రక విలువ ఉన్న రాతప్రతికి డెబ్బై అయిదేళ్లు చాలు. శిల్పాల్లాంటి కొన్ని రకాల్ని సొంతదారు రిజిస్టరు చేయించుకోవాలి. భూమిలో దాగి ఉండి బయటపడిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలని 1878 చట్టం ఇప్పటికీ చెబుతోంది. మంచి ఉద్దేశంతోనే అయినా పొలంలో దొరికిన విగ్రహాన్ని ఆటోలో వేసుకొచ్చి గదిలో పెడితే మీరు చిక్కుల్లో పడతారు. విగ్రహం దొరికితే ఫోటో తీసి, చోటు రాసుకుని, తహసీల్దారుకీ పురావస్తు శాఖకీ కాగితం పెట్టి, రసీదు మీ ఫైల్లో ఉంచుకోండి.

ఊళ్లోకి వెళ్లేముందు

ఉత్సాహవంతుల బృందాలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. గుడి ముందు శాసనం కనపడగానే "వెయ్యేళ్ల నాటి శాసనం వెలుగులోకి" అని పత్రికకి ఇచ్చేస్తారు. అది వందేళ్ల కిందటే చదివి అచ్చువేసినదని తర్వాత తేలుతుంది. నూటికి నూరుపాళ్లూ పత్రికని తప్పుపట్టలేం, ముందు పుస్తకాలు చూడాల్సింది మనం.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న జిల్లాలకైతే వి.రంగాచార్య 1919లో మూడు సంపుటాలుగా ఇచ్చిన శాసనాల జాబితా జిల్లా, తాలూకా వారీగా ఉంటుంది. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదోది పూర్తిగా తెలుగు శాసనాలదే. నాలుగు, అయిదు, ఆరు సంపుటాల్లోనూ తెలుగువి చాలా ఉన్నాయి. నెల్లూరు జిల్లాకి బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి 1905లో తెచ్చిన మూడు సంపుటాలు ప్రత్యేకం. తెలంగాణకి లక్ష్మణరాయ పరిశోధక మండలి వేసిన తెలంగాణ శాసనాలు, ఆ తర్వాత పురావస్తు శాఖ జిల్లాల వారీగా తెచ్చిన వరంగల్, కరీంనగర్, నల్లగొండ సంపుటాలు ఉన్నాయి. కడపకీ ఇదే వరసలో ఉంది. ఇవికాక కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాసన విభాగం ఏటా వేసే నివేదికలు. ఆ విభాగం ప్రధాన కార్యాలయం మైసూరులో ఉంది. పాత సంపుటాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

వెతికేటప్పుడు మీ ఊరు ఇప్పుడున్న జిల్లా పేరుతో వెతికితే దొరకదు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, తర్వాత గుంటూరులో కలిసింది, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అందుకే ఒంగోలు, దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతాల శాసనాలు నెల్లూరు సంపుటాల్లో ఉంటాయి. మదనపల్లె 1911 దాకా కడప జిల్లా. భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరి. 2016లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాల్ని చీల్చాక ఈ గందరగోళం ఇంకా పెరిగింది. మండలంలోని ప్రతి గ్రామానికీ 1900 నాటి జిల్లా, తాలూకా, ఇప్పటి జిల్లా, మండలం, పాత ఇంగ్లీషు స్పెల్లింగులు, శివారు పల్లెల పేర్లతో ఒక పట్టిక వేసుకోండి. రెండు ఆదివారాల పని, పదేళ్లు పనికొస్తుంది.

కైఫియతులు తప్పకుండా చూడండి. 1800 తర్వాత ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ తరఫున ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ల కింద పనిచేసిన మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గరున్న దండకవిలెల్లోంచి (ఊరి పాత లెక్కల పుస్తకాల్లోంచి) రాయించుకున్న గ్రామచరిత్రలివి. అసలు ప్రతులు పాడైపోతున్నాయని తర్వాత సి.పి.బ్రౌన్ నకళ్లు తీయించాడు. కడప ప్రాంతానివి బ్రౌన్ గ్రంథాలయం అచ్చువేసింది. మిగిలినవాటిలో చాలాభాగం చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఊరికి పేరెలా వచ్చిందో, దేవుడెలా వెలిశాడో చెప్పే మొదటి భాగాన్ని ఐతిహ్యంగా తీసుకోండి. చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరికున్నాయి, ఏ దొర కాలంలో శిస్తు ఎంత అన్న చివరి భాగం గట్టిది. చాలామంది మొదటిదే ఎత్తిరాసి రెండోది వదిలేస్తారు.

రెవెన్యూ కాగితాల సంగతి, అంటే ఏ భూమి ఎవరిది, శిస్తు ఎంత అని రాసిపెట్టిన పాత ప్రభుత్వ రికార్డులు. కోస్తా, సీమ ఊళ్లకైతే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, డైగ్లాట్, ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం), 1858లో మొదలైన ఇనాం (శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన మాన్యం) కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు. తెలంగాణకి సేత్వార్, వసూల్ బాకీ, ముంతఖబ్, 1954-55 ఖాస్రా పహాణీ. వీటిలో చరిత్రకి బంగారుగని ఇనాం రిజిస్టరు. దేవదాయ మాన్యం, భట్టవృత్తి, చాకలి మాన్యం, మంగలి మాన్యం, వెట్టి మాన్యం, ఎవరికి ఎంత, ఎవరిచ్చారు, ఎప్పటినుంచి, అన్నీ ఉంటాయి. ఊళ్లో ఇప్పటికీ పిలిచే పొలాల పేర్లు దాని పక్కన పెట్టి చూడండి. "భోగందాని చెలక", "భట్లమాన్యం" లాంటి పేర్లకి సర్వే నంబరుతో సహా ఆధారం దొరుకుతుంది.

అయితే ఇదే కాగితం ఊళ్లో నిప్పు రాజేయగలదు. మాన్యం భూములు చేతులు మారి ఉంటాయి, కోర్టుల్లో ఉంటాయి. సంఘం తరఫున ఎవరికీ భూమి కాగితాల నకళ్లు ఇవ్వకూడదని, ఎవరి దావాకీ సాక్ష్యం చెప్పకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానం రాసుకోండి. 1984 జనవరిలో కరణం, పటేల్, పట్వారీ పదవులు రద్దయినప్పుడు కొన్ని కుటుంబాల్లో లెక్కల కట్టలు ఇళ్లలోనే ఉండిపోయాయి. ఆ ఇళ్లకి వెళ్లినప్పుడు భూమి మాట ఎత్తకండి, పంచాంగాలు, ఉత్తరాలు, పెళ్లి పత్రికల దగ్గర మొదలుపెట్టండి.

శాసనం దగ్గర

ముగ్గురున్న జట్టు చాలు. సంచిలో ఉండాల్సినవి: అయిదు మీటర్ల టేపు, 30 సెంటీమీటర్ల తెల్ల స్కేలు, మంచి టార్చిలైట్లు రెండు, చిన్న ట్రైపాడు, మెత్తటి కొబ్బరిపీచు కుంచె, పెయింటు వేసే వెడల్పాటి కుంచె, అయిదు లీటర్ల నీళ్లు, పెన్సిళ్లు, దిక్సూచి, నోటుపుస్తకం. ఇనుప బ్రష్షు, ఉలి, గరిట, యాసిడ్, సోడా సంచిలోకి రాకూడదు. సున్నం పొరలు పట్టిన శాసనం చూస్తే గీకాలని చేతులు దురద పెడతాయి. ఆ పొర కిందే అక్షరం అంచు ఉంటుంది, పొరతోపాటు అదీ ఊడొస్తుంది. అలాంటి రాయిని ఉన్నదున్నట్టు ఫోటో తీసి నిపుణులకి వదిలేయండి.

ముగ్గుపిండి, సుద్దముక్క, బొగ్గు రుద్ది అక్షరాలు తేల్చి ఫోటో తీసే అలవాటు చాలాచోట్ల ఉంది. వద్దు. సుద్దతో గీసినవాడు తనకి తోచిన అక్షరాన్ని గీస్తాడు. ఆ తర్వాత ఆ ఫోటో చూసిన ప్రతివాడూ అదే చదువుతాడు. "వ" అనుకుని గీసింది నిజానికి "ప" అయితే ఒక ఊరిపేరే మారిపోతుంది.

పక్కవాటు వెలుతురుకి సాటిలేదు. చీకటిపడ్డాక కెమెరాని రాయికి ఎదురుగా కదలకుండా నిలిపి, ఫ్లాష్ ఆపేసి, టైమరు పెట్టండి. టార్చిని రాతి ఉపరితలానికి దాదాపు ఆనించినట్టు, పది పదిహేను డిగ్రీల వాలులో పట్టుకోవాలి. ఎడమ, కుడి, పైన, కింద, ఇలా కనీసం నాలుగు దిక్కులనుంచి ఒక్కో ఫోటో. ఎడమనుంచి వేసిన వెలుగులో నిలువు గీతలు తేలుతాయి, అడ్డగీతలు మాయమవుతాయి. పైనుంచి వేస్తే తలకట్లు, గుడులు కనిపిస్తాయి. ఒక్క వెలుగులో చదివిన పాఠాన్ని అందుకే నమ్మకూడదు. పగలే తీయక తప్పకపోతే ఉదయం ఏడు ఎనిమిది మధ్య, లేదా గొడుగో దుప్పటో అడ్డంపెట్టి అద్దంతో వెలుగు తిప్పుకోండి. స్కేలు ప్రతి ఫోటోలోనూ కనపడాలి. రాయి మొత్తం ఒకటి, తర్వాత పై నుంచి కిందికి మూడోవంతు ఒకదానిమీద ఒకటి పడేలా దగ్గర ఫోటోలు. స్తంభమైతే నాలుగు ముఖాలూ, ఏ ముఖం ఏ దిక్కుకి ఉందో రాసుకోవాలి. సూర్యచంద్రులు, శివలింగం, నంది, కత్తి గుర్తుల్ని వదలకండి.

కాగితం అచ్చు తీయడం నేర్చుకోవాలని ఉంటే చూసినవాళ్ల పక్కన నేర్చుకోండి. రక్షిత కట్టడంలోనైతే రాతపూర్వక అనుమతి లేకుండా తాకరాదు. పద్ధతి ఇది: రాయిని నీళ్లతో, పీచు కుంచెతో కడగాలి. గట్టి చేతికాగితాన్ని నీళ్లలో తడిపి రాయిమీద పరిచి, నడిమినుంచి అంచులకి గాలి పోయేలా కుంచెతో నొక్కుతూ, తర్వాత పొడవు రోమాల బ్రష్షుతో నిటారుగా కొడుతూ పోవాలి. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. చినిగినచోట తడి కాగితం ముక్క అతికించి మళ్లీ కొట్టాలి. తడి మెరుపు పోయి మందంగా కనిపించే సమయంలో, పూర్తిగా ఎండకముందే, దీపపు మసి, తుమ్మజిగురు కలిపిన సిరాని గుడ్డ ఉండతో అద్దాలి. ఉండని ముందు వేరే పలకమీద అద్ది, తడి తగ్గించి అప్పుడు కాగితంమీద పెట్టాలి. గుంటల్లో ఉన్న అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది.

చెడేది ఎక్కడంటే, సిరా పలచనైతే కాగితం దాటి రాయికి అంటుతుంది, అది పోదు. కాగితం మరీ తడిగా ఉన్నప్పుడు లాగితే సాగి అక్షరాలు చదునైపోతాయి. మరీ ఎండితే గాలికి దానంతటదే లేచి నలుగుతుంది. పొరలు లేస్తున్న ఇసుకరాయి, పలకరాయి, సున్నపు గార మీద అసలు చేయకూడదు, బ్రష్షు దెబ్బకి చెక్కలు ఊడతాయి. తీశాక మడతపెట్టేముందే వెనకవైపు పెన్సిలుతో ఊరు, చోటు, ముఖం, తేదీ రాయాలి. ఇంటికెళ్లి రాద్దామనుకున్న నాలుగు అచ్చులు ఒకేలా ఉంటాయి.

గుడి జీర్ణోద్ధరణ జరగబోతున్న ఊళ్లకి, రోడ్డు వెడల్పు చేస్తున్న ఊళ్లకి, క్వారీల పక్కన ఉన్న గుట్టలకి ముందు వెళ్లండి. గోడలకి ఇసుకపిచికారీ కొట్టి పాత రంగులు తీసే పద్ధతి శాసనాలకి గొడ్డలిపెట్టు. ఒక్క పూటలో ఏడువందల ఏళ్ల అక్షరాలు నున్నగా అరిగిపోతాయి. ఆ తర్వాత ఎనామెల్ పెయింటు, టైల్సు. ధర్మకర్తలతో, మేస్త్రితో పని మొదలవకముందే మాట్లాడి, శాసనం ఉన్న రాళ్లకి గోనెసంచి కప్పించి కట్టించగలిగితే అదే సంఘం ఆ ఏడాది చేసిన పెద్ద పని. మారుమూల గుట్ట కదా అని తేలిగ్గా తీసుకోకండి. కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనం, నన్నయకంటే ముందటి తెలుగు కందపద్యాలున్నది, కరీంనగర్ ప్రాంతపు బొమ్మలగుట్ట రాతిమీదే ఉంది.

తేదీ లెక్క

శాసనంలో శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, చాలాసార్లు వారం ఉంటాయి. ఉగాదినుంచి డిసెంబరు చివరిదాకా పడే తిథులకి శకవర్షానికి 78 కలపండి, జనవరినుంచి ఫాల్గుణం చివరిదాకా 79. సంవత్సరం పేరుతో సరిచూడటానికి చిట్కా: శకవర్షానికి 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషం ప్రభవనుంచి వరస సంఖ్య. శేషం సున్నా అయితే అక్షయ.

చందుపట్ల శాసనం తీసుకోండి. నల్లగొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర చిన్న ఊరు. దానంలో రుద్రమదేవి శివలోకం పొందినట్టు ఉంది. శక 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి. 1211కి 12 కలిపితే 1223, అరవైతో భాగిస్తే శేషం 23, ఇరవై మూడోది విరోధి. సరిపోయింది. 78 కలిపితే 1289. పండితులు లెక్కగట్టిన తేదీ 1289 నవంబరు 27. పి.వి.పరబ్రహ్మశాస్త్రి దీన్ని బయటికి తెచ్చేదాకా రాణి మరణం ఎప్పుడో ఇంత కచ్చితంగా చెప్పే ఆధారం లేదు. మీ మండలంలో ముక్కలైన దానశాసనాన్ని "ఏముందిలే, భూమి ఇచ్చారంతే" అని వదిలేసేముందు దీన్ని గుర్తుచేసుకోండి.

శేషం ఒకటి తేడా వస్తే కంగారుపడొద్దు, గతవర్షం (గడిచిన ఏళ్ల లెక్క) బదులు వర్తమానవర్షం (నడుస్తున్న ఏడాది లెక్క) రాసి ఉండొచ్చు. పది పదిహేను తేడా వస్తే మీరు అంకె తప్పు చదివారు, లేదా శాసనం తర్వాతి కాలపు నకలు. అంకెల బదులు మాటలుంటే కుడినుంచి ఎడమకి చదవాలి. చంద్రుడు, భూమి ఒకటి, నేత్రాలు రెండు, అగ్ని మూడు, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, రసాలు ఆరు, గిరులు ఏడు, వసువులు ఎనిమిది, రంధ్రాలు తొమ్మిది, గగనం సున్నా. "శశి చంద్ర నేత్ర భూ" అని ఉంటే 1, 1, 2, 1, తిప్పితే 1211.

రెవెన్యూ కాగితాల్లో కనిపించే ఫసలీ సంవత్సరానికి 590 కలపాలి. మద్రాసు వైపు ఫసలీ జులై 1న మొదలవుతుంది, ఫసలీ 1300 అంటే 1890 జులైనుంచి 1891 జూన్‌దాకా. నిజాం వైపు ఆజూర్ నెలతో, అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. ఈ తేడా తెలియక ఒక ఏడాది ముందువెనకలు అయ్యే పుస్తకాలు చాలా ఉన్నాయి. కాగితంమీద ఉన్న తేదీని ఉన్నదున్నట్టు ఒక గడిలో, మీ లెక్కని పక్క గడిలో రాయండి. లెక్క మాత్రమే రాసి అసలు తేదీ వదిలేస్తే తప్పు దిద్దే దారి మూసుకుపోతుంది.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు

వయసులో పెద్దవాళ్లతో మొదలుపెట్టండి, శాసనం ఇంకో ఏడాది ఆగుతుంది. ఫోన్‌ చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, వీలైతే కాలర్ మైకు తగిలించి, 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్, వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేయండి. ఒక చానెల్ గంటకి సుమారు 520 మెగాబైట్లు. మొదటి మాటలు మీవే: తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, పుట్టింటి ఊరు, ఎవరు అడుగుతున్నారు.

"రజాకార్ల కాలంలో కష్టాలు పడ్డారా?" అని అడిగితే "పడ్డాం నాయనా" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "ఆ రోజుల్లో రాత్రిపూట ఎక్కడ పడుకునేవాళ్లు తాతా?" అని అడగండి, మాట తానే నడుస్తుంది. ఏ ఏడాది అని నేరుగా అడిగితే ఊహించి చెబుతారు. ఆనవాళ్లు పట్టుకోండి. 1948 పోలీసు చర్య, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015, కృష్ణ పుష్కరాలు ఒక్కో ఏడాది తర్వాత. "మీ పెద్దబ్బాయి పుష్కరాలకి నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా?" అంటే తేదీ దొరుకుతుంది. తాతముత్తాతల మాటల్లో నందన కరువు వస్తే 1832-33, ధాత కరువు వస్తే 1876-78. పైన చెప్పిన అరవై లెక్కతో మీరే సరిచూసుకోవచ్చు.

ఆడవాళ్లని అడగడానికి ఆడవాళ్లే వెళ్లాలి. మగవాళ్లు ఊరి దొరల గురించి చెబుతారు. ఏ బావి ఎవరిది, ఎవర్ని తోడుకోనిచ్చేవారు కాదు, కాన్పులు ఎవరు చేసేవారు, కరువులో ఏ ఆకు ఉడకేశారు అన్నవి ఆడవాళ్ల దగ్గర దొరుకుతాయి. మండలంలో అన్ని పేటలకీ వెళ్లండి. పెద్దవీధిలో అడిగి రాసిన ఊరి చరిత్ర పెద్దవీధి చరిత్రే అవుతుంది. అంగీకార పత్రం తెలుగులో ఒక్క పేజీ, మూడు గడులు: దాచుకోవచ్చు, పరిశోధకులకి వినిపించవచ్చు, ఇంటర్నెట్‌లో పెట్టవచ్చు. సంతకం రానివాళ్ల ఒప్పుదల రికార్డింగులోనే తీసుకోండి. బతికున్నవాళ్లమీద చెప్పిన నేరారోపణలు బయటపెట్టే ప్రతిలో ఉండకూడదు.

తాటాకులు, కాగితాలు, ఫోటోలు

తాటాకుల కట్ట ఇంటివాళ్ల అరుగుమీదే ఫోటో తీసి అక్కడే వదిలి రండి. ఆకులు లెక్కపెట్టి, ఎడమ అంచున ఉండే ఆకు సంఖ్యలు సరిచూసి, రెండువైపులా తీయాలి. పొడవాటి ఆకుని కొంత కలిసేలా రెండు ఫోటోలుగా తీయండి. అతుక్కున్న ఆకుల్ని గోటితో విడదీయొద్దు. మసి పోయి అక్షరాలు కనపడకపోతే మళ్లీ మసి రుద్దే ముందు పక్కవాటు వెలుగులో తీసి చూడండి, గంటపు గాడి కనిపిస్తుంది. నిమ్మగడ్డి నూనె గంటంతో గీసిన ఆకులకి పలచగా రాస్తారు, సిరాతో రాసినవాటికి రాయకూడదు. అయినా అది తర్ఫీదు పొందినవాళ్ల పని. కట్టని ఉతికి ఆరేసిన నూలుగుడ్డలో చుట్టి, తాడు బిగించకుండా కట్టండి. కొత్త ఎర్రగుడ్డ రంగు వానాకాలంలో ఆకులకి అంటుతుంది.

పురుగు పట్టిన కాగితాల్ని ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్‌ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక ఒకరోజు సంచి విప్పకూడదు, విప్పితే కాగితానికి చెమ్మ పడుతుంది. ఫోటోలకీ తాటాకులకీ ఇది చేయకండి. లామినేషన్, సెల్లో టేపు, స్టేప్లర్, కలరా ఉండలు నాలుగూ నిషేధం. లామినేషన్ చేసిన కాగితాన్ని మళ్లీ విడదీయడం నిపుణులకీ చాలా కష్టం. కోస్తాలో వానాకాలం మూసి ఉంచిన స్టీలు బీరువా బూజుకి పుట్టినిల్లు. గోడకి జానెడు ఎడంగా, నేలకి జానెడు ఎత్తులో, గాలి తగిలే అల్మరా మేలు.

ఫోటోలు 600 డీపీఐ, కాగితాలు 400 డీపీఐ, రంగుల్లో, టిఫ్ ఫార్మాట్‌లో స్కాన్ చేయండి. ఏ4 పేజీ 400లో 46 మెగాబైట్లు వస్తుంది. పంచుకోవడానికి చిన్న జేపెగ్ వేరే తీసుకోవచ్చు. అద్దానికి అతుక్కున్న ఫోటోని ఊడదీయకండి, అద్దంతోనే తీయండి. జిగురు పేజీల ఆల్బమ్ పేజీని పేజీగానే స్కాన్ చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, తీసిన సమయం వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపమని ప్రతివాళ్లకీ చెప్పండి. ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎడమనుంచి కుడికి, వరసలవారీగా, ఎవరు గుర్తుపట్టారో వాళ్ల పేరుతో రాయాలి.

ఫైలు పేరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, ఊరు, తేదీ, వరస. తేదీలో ఏడాది ముందు, నెల, రోజు తర్వాత. మూడు ప్రతులు, రెండు రకాల డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్లో. ఆరునెలలకోసారి తెరిచి చూడాలి. కార్యదర్శి లాప్‌టాప్‌లో మాత్రమే ఉన్న సేకరణ సేకరణ కిందికి రాదు.

రిజిస్టరు గడులు: క్రమసంఖ్య (ఏడాది, విడత, వస్తువు, ఉదాహరణకి 2025.4.12), ఏమిటది, కొలతలు, ఊరు, కచ్చితమైన చోటు, జీపీఎస్ అంకెలు, ఎవరి దగ్గర ఉంది, ఎవరు చెప్పారు, ఎవరు నమోదు చేశారు, తేదీ, అసలు తేదీ పాఠం, మన లెక్క, ఫైలు పేర్లు, బయటపెట్టవచ్చా లేదా. సిరాతో రాయాలి, తప్పు రాస్తే అడ్డంగా ఒక గీత గీసి సంతకం చేయాలి. విగ్రహాల జీపీఎస్ అంకెలు బయటికి ఇవ్వకండి, దొంగలూ చదువుతారు.

సంఘం లెక్కలు

2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదవుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం తర్వాత కార్యవర్గం జాబితా, లెక్కలు దాఖలు చేయాలి. సొసైటీలు చచ్చిపడేది ఇది మరిచిపోయే. 1922లో రాజమండ్రిలో మొదలైన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, ఇప్పుడు ఊరూరా తిరుగుతున్న కొత్త తెలంగాణ చరిత్ర బృందం లాంటివి చూడండి, కనుగొన్నదాన్ని వెంటనే అచ్చులో పెట్టడమే వాటి బలం. మీరూ ఏటా నలభై పేజీల బులెటిన్ వేయండి. తెలుగు వికీపీడియాలో మీ ఊరి వ్యాసానికి ఆధారంగా చూపడానికీ అదే పనికొస్తుంది.

వస్తువులు తీసుకోక తప్పని రోజు వస్తే దానపత్రం రాయించుకుని తీసుకోండి. "మీ దగ్గరే ఉంచండి, కావాలంటే తీసుకుంటాం" అన్నవాటిని వద్దనండి, మనవడి తరంలో తగాదా అవుతుంది. నియమావళిలో ఒక నిబంధన ఇప్పుడే రాయించండి: సంఘం రద్దయితే రిజిస్టరు, డిస్కులు, కాగితాలు ఫలానా ప్రభుత్వ ఆర్కైవ్స్‌కో విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో చెందుతాయని. పేరు రాసేముందు ఆ సంస్థని అడిగి, తీసుకుంటామని ఉత్తరం తెప్పించుకుని, దాని నకలు రిజిస్టరు మొదటి పేజీకి అంటించండి.